నిలువు రోజు, అడ్డం రోజు

పటం ముందు పరుచుకుని, ఈ చివర బొటనవేలు, ఆ చివర చూపుడువేలు పెట్టి, ‘జానెడే కదా, పొద్దున బయల్దేరితే భోజనం వేళకు చేరిపోతాం’ అని తేల్చేసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మైదానంలో ఆ జానెడు లెక్క చెల్లుతుంది. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం ఉన్న నేలమీద చెల్లదు. అలాంటి చోట దూరం కన్నా ముందు దిక్కు అడగాలి. మనం వెళ్ళేది కొండల వరస వెంబడా, లేక కొండకూ సముద్రానికీ మధ్య అడ్డంగానా?

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దానికి నేను ఎంచుకున్న ఊరు పుదూరు.

ఏ పుదూరు అంటారు. అడగాల్సిన ప్రశ్నే. తమిళనాట పుదూర్లు కోకొల్లలు. మదురై బస్టాండులో ‘పుదూరు బస్సు ఎక్కడ?’ అంటే మిమ్మల్ని నగరంలోనే ఉన్న కె. పుదూరుకు వెళ్ళే టౌన్ బస్సు ఎక్కిస్తారు. ‘విళాత్తికుళం పుదూరు’ అని తాలూకా పేరు తగిలించి అడగండి. తూత్తుకుడి జిల్లాలో, అరుప్పుకోట నుంచి విళాత్తికుళం పోయే దారిలో వస్తుంది. దానికి పడమట కోవిల్‌పట్టి, వాయవ్యాన విరుదునగర్. చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి. అక్కడ దాన్ని కరిసల్ అంటారు. పత్తి, మిరప, మినుము, పెసర, సజ్జ పండుతాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, అరుంధతీయులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

పుదూరు యాత్రికుల ఊరు కాదు. చూడ్డానికి ఏముందని అడిగితే ఊరివాళ్ళే నవ్వుతారు. నాకు దానిలో నచ్చింది అది మధ్యలో ఉండటమే. చుట్టాలుంటే అక్కడే దిగండి, లేకపోతే కోవిల్‌పట్టిలో గది తీసుకోండి. పెట్టె మాత్రం ఒకే చోట ఉంచండి. రోజుకో ఊళ్ళో గది మార్చే వాళ్ళు చూసేదానికన్నా సర్దేదే ఎక్కువ.

ఇప్పుడు పటం చూద్దాం. పడమటి చివర కనుమలు, తూర్పు చివర మన్నారు సింధుశాఖ. ఈ రెంటి నడుమ వేగంగా పోయే దారులన్నీ ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగానే సాగుతాయి. మదురై నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు మీదుగా దిగుతుంది. రైలు మార్గం దాదాపు దాని వెంటే ఉంటుంది. దానికి పడమట, కొండల పాదాల దగ్గర, విరుదునగర్ నుంచి శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, తెన్‌కాశి మీదుగా సెంగోట్టై దాకా ఇంకో రైలు మార్గం. తూర్పున అరుప్పుకోట, ఎట్టయపురం మీదుగా మదురై–తూత్తుకుడి రోడ్డు. మరీ తూర్పున సముద్రం పక్కనే వేంబారు మీదుగా తూత్తుకుడికి తీరం రోడ్డు. వీటి మీద ప్రయాణాన్ని నిలువు ప్రయాణం అనుకుందాం. చెన్నై నుంచి రాత్రి రైలెక్కేవాళ్ళు కూడా ఈ తేడా చూసుకోవాలి. నెల్లై ఎక్స్‌ప్రెస్, ముత్తునగర్ ఎక్స్‌ప్రెస్ కోవిల్‌పట్టిలో దించుతాయి. పొదిగై ఎక్స్‌ప్రెస్ విరుదునగర్ దగ్గర పక్కకు తిరిగి కొండల పాదాల వెంట పోతుంది.

కొండ నుంచి సముద్రానికి అడ్డంగా పోవాలంటే మాత్రం ఇంత సుఖం లేదు. శ్రీవిల్లిపుత్తూరులో బయల్దేరి వేంబారు చేరాలంటే రెండు మూడు బస్సులు మారాలి. ప్రతి మార్పుకూ ఎదురుచూపులుంటాయి, ప్రతి పల్లెలోనూ బస్సు ఆగుతుంది. దూరం నిలువు ప్రయాణమంతే, పట్టే సమయం రెట్టింపు.

ఇది మన దగ్గరి దారుల లోపం అనుకోకండి. మిలాన్‌లోనో టూరిన్‌లోనో చదువుకుంటూ, సెలవులకు లిగూరియా తీరానికి వెళ్ళే మన పిల్లల్ని అడగండి. ఇటలీ వాయవ్యాన ఆ సీమ కొండలకూ సముద్రానికీ మధ్య సన్నని పట్టీలా ఉంటుంది. నడిమధ్య జెనోవా. తీరం వెంబడి రైలు ఉంది కాబట్టి చింక్వె తెర్రె అనే ఐదు ఊళ్ళ మధ్య ప్రయాణం నిమిషాల పని. ఆ ఊళ్ళను 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ ఐదింటిలో ఒకటైన కొర్నీలియా గుట్టమీద ఉంది, స్టేషను కింద ఉంది. రైలు దింపాక దాదాపు 380 మెట్లు ఎక్కాలి. వెంబడి పోయినంతసేపూ రైలు, అడ్డం తిరగ్గానే కాళ్ళు. అక్కడా ఇదే ధర్మం.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఒక రోజు నిలువు, లేదా ఒక రోజు అడ్డం. రెండూ ఒకే రోజు కలపొద్దు. నిలువు రోజున మూడు చోట్లు చూడొచ్చు. అడ్డం రోజున ఒకటి చూసి, రెండోది దొరికితే అదృష్టం అనుకోవాలి. ఊళ్ళు తగ్గించుకోవడానికి మనసొప్పదు. ‘ఇంతదూరం వచ్చాం కదా’ అన్న మాట నోట్లోకి వస్తుంది. కుర్తాళం జలపాతం, తిరుచెందూరు సముద్రం ఒకే రోజులో ముగించాలని అద్దె బండి మాట్లాడుకుని, రెండు చోట్లా బండి నిలిపే స్థలం కోసం తిరిగి, చీకటి పడ్డాక అలసి చేరే కుటుంబాలకు లెక్కలేదు. వాళ్ళు చూసింది ముందు కారు వెనక దీపాల్నే.

నిలువు రోజు ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున్నే ఎట్టయపురం. సుబ్రహ్మణ్య భారతి 1882 డిసెంబరు 11న పుట్టిన ఇల్లు ఇక్కడే ఉంది. చాలామంది ఆ ఇల్లు చూసి బస్సెక్కేస్తారు. తెలుగువాళ్ళు ఇంకాస్త ఆగాలి. ఈ సంస్థానం ఏలినవాళ్ళు తెలుగు మూలాల పాలెగాళ్ళు. ముత్తుస్వామి దీక్షితార్ తన చివరి రోజులు ఇక్కడే గడిపి 1835లో కన్నుమూశారు, సమాధి ఇక్కడే ఉంది. ఆ కుటుంబానికే చెందిన సుబ్బరామ దీక్షితార్ సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే ఉద్గ్రంథాన్ని 1904లో ఈ ఊరి అచ్చుకూటంలోనే ముద్రించారు. దీక్షితార్ కృతులకు స్వరాలతో సహా ఆధారం ఆ పుస్తకమే. అది అచ్చయింది తెలుగు లిపిలో. తమిళ దేశం నడిబొడ్డున, కరిసల్ నేలమీద, కర్ణాటక సంగీతానికి అంత పెద్ద పుస్తకం తెలుగు అక్షరాల్లో వచ్చిందన్న సంగతి మన బడిపుస్తకాలకు ఎందుకు ఎక్కలేదో నాకు అర్థం కాదు. ఇలాంటిది తెలుసుకుని వెళ్తే ఆ సమాధి దగ్గర అరగంట కూర్చోబుద్ధి వేస్తుంది. తెలియకపోతే రెండు నిమిషాలు చాలు. ప్రయాణానికి ముందు రాత్రి ఒక గంట చదవడం వల్ల దక్కేది మరే ఖర్చుతోనూ దక్కదు.

ఎట్టయపురం నుంచి దక్షిణంగా పోతే పాంచాలంకురిచ్చి, ఆ తర్వాత తూత్తుకుడి. పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్ కోటను ఆంగ్లేయులు నేలమట్టం చేశారు, ఇప్పుడున్నది ప్రభుత్వం కట్టిన స్మారకం. ఆయన్ను 1799 అక్టోబరు 16న ఉరితీసింది 44వ నంబరు రోడ్డు మీది కయత్తారులో. అంటే రెండూ ఒకే కథ, కానీ రెండు వేర్వేరు నిలువు దారుల మీద ఉన్నాయి. కయత్తారును ఇంకో రోజుకు వాయిదా వేయండి. అదే రోడ్డు మీద కోవిల్‌పట్టికి చేరువలో ఇడైసెవల్ తగులుతుంది. కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి ఇద్దరిదీ ఆ ఊరే. ఇద్దరివీ తెలుగు ఇళ్ళు, ఇద్దరూ తమిళంలో రాశారు, ఇద్దరికీ సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది: అళగిరిసామికి 1970లో, రాజనారాయణన్‌కు 1991లో. అలాంటి పల్లె ఇంకొకటి చూపించమంటే నేను వెతుక్కోవాలి.

తూత్తుకుడిలో మంచుమాత చర్చి ఉత్సవం ఆగస్టు 5. ఆ చుట్టుపక్కల రోజుల్లో ఊళ్ళో కాలుపెట్టే చోటుండదు. పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో ముత్యాల కోసం ఈ తీరానికి వచ్చి, తమ మతాన్నీ కొన్ని అలవాట్లనూ వదిలి వెళ్ళారు. బేకరీల్లో దొరికే మాకరూన్ తినండి. జీడిపప్పు, చక్కెర, కోడిగుడ్డు తెల్లసొనతో చేస్తారు. గుడ్డు తినని పెద్దవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పండి, తిన్నాక చెబితే ఇల్లు చేరేదాకా మాట పడాలి.

అడ్డం రోజుకు నేను చెప్పే ఉపాయం ఒక్కటే, ఏటిని పట్టుకోండి. కొండకూ సముద్రానికీ మధ్య మనుషులు వేసిన దారులు వంకర పోవచ్చు గానీ ఏరు దారి తప్పదు. ఇక్కడ ఆ ఏరు వైప్పారు. కనుమల్లో పుట్టి, వెంబకోట పక్కగా, సాత్తూరు మీదుగా, విళాత్తికుళం దాటి మన్నారు సింధుశాఖలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కనిపిస్తుంది, తుమ్మ కమ్మేసిన గట్లు కనిపిస్తాయి. నిరాశపడకండి. వెంబకోట దగ్గర ఆ గట్టు మీద 2022 నుంచి పురావస్తు శాఖ తవ్వుతుంటే శంఖపు గాజులు బయటపడ్డాయి. సముద్రపు శంఖం అంత లోపలికి ఎలా వచ్చిందో ఊహించుకుంటే, మీరు తిట్టుకుంటూ మారిన బస్సుల దారి ఎంత పాతదో తెలుస్తుంది.

ఈ అడ్డం ప్రయాణాన్ని రెండు ముక్కలు చేయండి. ఒక రోజు కొండవైపు. శ్రీవిల్లిపుత్తూరు గురించి తెలుగు పాఠకులకు నేను కొత్తగా చెప్పేది లేదు, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన గోదాదేవి ఊరే. గుడి గోపురం తమిళనాడు ప్రభుత్వ ముద్రలో ఉంది. గుడి బయట పాలకోవా కొనండి, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి వెనక కొండలు పులుల అభయారణ్యం. చతురగిరి ఎక్కాలనుకునేవాళ్ళు అటవీ శాఖ ఏయే రోజుల్లో వదులుతోందో ముందే కనుక్కోవాలి, ఆ నియమాలు మారుతుంటాయి. రాజపాళయం అక్కడికి దగ్గరే. ఆ ఊరి రాజులు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న కుమారస్వామి రాజాది ఈ ఊరే.

ఇంకో రోజు సముద్రంవైపు. పుదూరు నుంచి విళాత్తికుళం, అక్కడి నుంచి వేంబారు. పొలాలు తగ్గి తాటితోపులు మొదలైతే సముద్రం దగ్గర పడిందని గుర్తు. వేసవి మొదట్లో పోతే తాటి నీరా, ముంజలు, వేడివేడి తాటిబెల్లం దొరుకుతాయి. ఎదురుగా సముద్రంలో దీవులున్నాయి కదా, పడవ మాట్లాడుకుందాం అనుకోకండి. మన్నారు సింధుశాఖలోని 21 దీవులను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. వాటి మీద దిగడం నిషేధం. చేపలకోసం వెళ్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోవు. ఆ రోజుల్లో చేప తక్కువ, ధర ఎక్కువ.

ఇక వాన సంగతి. కొండా కడలీ పక్కపక్కన ఉన్న చోట రెండు రకాల వాతావరణం ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి సెంగోట్టై దగ్గరి కనుమ సందులోంచి దూరి కుర్తాళం మీద సన్నని తుంపర చల్లుతుంది. అదే గాలి కోవిల్‌పట్టి దాటి పుదూరు చేరేసరికి నీరంతా కొండలకే ఇచ్చేసి, దుమ్ము మాత్రం తెస్తుంది. జలపాతం కావాలంటే జులై, పచ్చని చేలు కావాలంటే నవంబరు చివరి నుంచి జనవరి, సముద్రం కావాలంటే జనవరి నుంచి మార్చి. అన్నీ ఒకేసారి కావాలంటే ఏదీ సరిగా దొరకదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. ఆ నెలల్లో పెద్దగా గొప్పలకు పోకండి. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో ఈ జిల్లాల్లో కురిసిన వాన గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా పడింది. తిరుచెందూరు నుంచి చెన్నై బయల్దేరిన రైలు శ్రీవైకుంఠం స్టేషన్లో ఆగిపోయి, వందల మంది వరద మధ్య రాత్రుళ్ళు గడిపారు. 2024 మేలో పాత కుర్తాళం దగ్గర ఉన్నట్టుండి వచ్చిన వరద ఒక కుర్రవాణ్ణి లాక్కుపోయింది. చింక్వె తెర్రెలోనూ అంతే, 2011 అక్టోబరు 25న వెర్నాజా, మొంటెరొస్సో ఊళ్ళను బురద ముంచేసింది. అక్కడా ఇక్కడా కారణం ఒకటే. కొండమీద పడిన వాన కిందికి రావడానికి గంటలు కూడా పట్టదు, కింద ఎండ కాస్తున్నా సరే. జలపాతం దగ్గర పోలీసు తాడు కడితే అతనితో వాదన పెట్టుకోకండి. ఎక్కడినుంచి వచ్చామో చెప్పుకున్నా నీటికి వినబడదు.

వాన పడ్డ మర్నాడు రేగడి దారిలోకి స్కూటర్ దింపొద్దు. రెండు గజాలు పోయేసరికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి బిగిసి బండి కదలదు. తారు రోడ్డు మీదే ఉండండి.

బస్సుల విషయంలో తమిళం రాకపోతే ఇబ్బందే, బోర్డులన్నీ తమిళంలోనే ఉంటాయి. భాషంతా నేర్చుకోనక్కర్లేదు. పోవాల్సిన నాలుగైదు ఊళ్ళ పేర్లను ఆకారంగా గుర్తుపట్టడం సాధన చేయండి, ఒక సాయంత్రం చాలు. ‘బైపాస్ రైడర్’ అని రాసి ఉన్న బస్సు వేగంగా పోతుంది, కానీ ఊళ్ళోకి రాదు. రాత్రి పదకొండింటికి కోవిల్‌పట్టి అని దిగితే మీరు నిలబడేది హైవే పక్కన. ఎక్కే ముందే ‘ఊళ్ళోకి పోతుందా?’ అని కండక్టర్ని అడగాలి. 2021 మే నుంచి ఆడవాళ్ళకు మామూలు టౌన్ బస్సుల్లో టికెట్ లేదు. తెలంగాణలో లాగా ఎక్స్‌ప్రెస్‌లకు కూడా వర్తిస్తుందనుకుని ఎక్కకండి. పల్లెలకు పోయే ఆఖరి బస్సు ఎన్నింటికో దిగగానే అడిగి పెట్టుకోండి. ఫోనులో చూపించే వేళకన్నా, స్టాండులో టీ కొట్టు ఆయన చెప్పే వేళ నమ్మదగింది.

మీరు తెలుగులో మాట్లాడుకుంటుంటే పక్క సీటు పెద్దాయన మాట కలుపుతారు. ఆయన తెలుగులో తమిళ మాటలు బోలెడు ఉంటాయి, యాస కొత్తగా ఉంటుంది. దిద్దకండి. ‘మీ తెలుగు పాడైపోయింది’ అని జాలిపడటం మరీ మొరటు. శతాబ్దాలుగా బడి లేకుండా, పత్రిక లేకుండా ఇంట్లో నిలబెట్టుకున్న భాష అది. ‘ఏ ఊరు నాయినా’ అన్నాక, ‘మీరెవరు’ అనే ప్రశ్న వస్తుంది. అది కులం గురించి. చెప్పాలనుకుంటే చెప్పండి, ఇష్టం లేకపోతే జిల్లా పేరూ, చేసే ఉద్యోగమూ చెప్పి నవ్వేయండి, మాట అక్కడి నుంచి వానలమీదికో మిరప ధరమీదికో మళ్ళుతుంది. నాకు మిరప ధరే ఎక్కువ ఇష్టం, దాంట్లోంచి ఊరు మొత్తం తెలుస్తుంది.

కళుగుమలై గురించి చెప్పకుండా ముగించలేను. కోవిల్‌పట్టి నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. ఎనిమిదో శతాబ్దపు పాండ్యుల కాలంలో ఒకే బండను పైనుంచి కిందికి చెక్కి గుడి మొదలుపెట్టి, మధ్యలో వదిలేశారు. దాన్ని వెట్టువన్ కోవిల్ అంటారు. అదే గుట్టమీద జైన తీర్థంకరుల బొమ్మల వరసలున్నాయి. కింద సుబ్రహ్మణ్యుడి గుడి ఉంది. ఎండ ఎక్కకముందే ఎక్కి దిగండి, బండ కాలితే చెప్పుల్లో కూడా అరికాళ్ళు మాడతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గుడి దగ్గర ఆగొచ్చు.

పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి వస్తే ప్రతి ఇంట్లో వచ్చే తగువు ఒకటి ఉంది. నాన్నకు గుడి, అమ్మకు సముద్రం, పిల్లలకు జలపాతం. అందరినీ కాసింత కాసింత సంతోషపెడదామని అన్నీ ఒకే రోజులో కూరితే అందరూ అలుగుతారు. చీట్లు వేసి రోజును పంచండి. నాన్న చీటీ వస్తే ఆ రోజు శ్రీవిల్లిపుత్తూరు, ఎంతసేపు ఉండాలో ఆయనే చెప్పాలి. అమ్మ రోజున వేంబారు. పిల్లల రోజున నీళ్ళుంటే కుర్తాళం, లేకపోతే సెంగోట్టైలో కొల్లం రైలెక్కి కనుమ దాటండి. 1904లో వేసిన మార్గం, బ్రాడ్‌గేజీగా మార్చి 2018లో పూర్తిగా తిరిగి తెరిచారు, సొరంగాలూ పదమూడు కమానుల వంతెనా పిల్లలకు చాలు. ఎవరి రోజు వాళ్ళది, మిగిలినవాళ్ళు నోరెత్తకూడదు. ఇంట్లో తగువులు పెట్టే వాళ్ళెవరో మీకు తెలుసు కదా, నీళ్ళ సీసాలూ పల్లీచిక్కీ పొట్లాలూ ఉన్న బరువు సంచి ఆ రోజు వాళ్ళ భుజానికే తగిలించండి.